సమారోపణం: కాశీలో ఒక ఇరుకు గది

వైదిక గృహస్థునికి అగ్ని వివాహదినాన లభిస్తుంది. పాణిగ్రహణానికి సాక్షిగా నిలిచిన అగ్నినే దంపతులు ఇంటికి తెచ్చుకొని, యావజ్జీవం ఉభయసంధ్యలలో ఔపాసన చేయాలని గృహ్యసూత్రాల విధి. అయితే గృహస్థుడు ఎల్లకాలం ఇంటివద్దనే ఉండడు. తీర్థయాత్రకు పోవలసి వస్తుంది, బంధువుల ఇంట శుభకార్యానికి పోవలసి వస్తుంది. ఆయన ఒక్కడే వెళితే భార్య ఆ అగ్నిని కాపాడుతుంది. ఇరువురూ కలిసి గ్రామసీమ దాటితే అగ్ని విచ్ఛిన్నమవుతుంది. తిరిగివచ్చిన తరువాత పునస్సంధానం చేసుకోవలసి వస్తుంది. ఆ విచ్ఛేదం కలుగకుండా పూర్వులు విధించినది సమారోపణం. అగ్నిని సమిధలోనికి గాని, అరణిలోనికి గాని, తనలోనికి గాని మంత్రపూర్వకంగా ఆరోపించుకొని ప్రయాణమవుతారు. గమ్యం చేరిన పిమ్మట అక్కడి లౌకికాగ్నిలోనికి దానిని తిరిగి దింపుతారు. దీనికి ఉపావరోహణమని పేరు.

ఈ విధి వెనుక ఉన్న తాత్పర్యం గ్రహింపదగినది. గృహస్థాశ్రమానికి ఆధారం కట్టడం కాదు, దంపతులు. గోడలు, కప్పు, వాకిలి ఊళ్ళోనే ఉండిపోతాయి. అగ్ని మాత్రం వారితో కదలుతుంది. సత్రంలో గాని, నదీతీరంలో గాని వారిద్దరూ దిగి దానిని దింపుకున్నచోట గృహస్థాశ్రమం పూర్ణంగా ఉంటుంది. నిత్యౌపాసన జరిగే ఇళ్ళు నేడు అరుదైపోయాయి. దంపతుల యాత్రలు మాత్రం పెరిగాయి. ఊరుగాని ఊళ్ళో ఒక చిన్న గదిలో ఇద్దరూ దిగుతారు. ఇల్లు విడిచివచ్చిన ఆ ఇద్దరి వెంట వచ్చినది ఏమిటో ఆ గదిలో తేలుతుంది.

కోనసీమలోని ఒక అగ్రహారానికి చెందిన దంపతుల ఉదంతం ఈ సందర్భంలో స్మరింపదగినది. ఆయనకు 64 ఏళ్ళు. ఉద్యోగవిరమణ చేసి నాలుగు సంవత్సరాలయింది. ఆమెకు 59 ఏళ్ళు. వివాహమై 38 సంవత్సరాలు. కార్తికమాసంలో ఇద్దరూ కాశీయాత్రకు వెళ్ళారు. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్రచేయడం తెలుగువారిలో చిరకాలంగా ఉన్న ఆచారం. మాతృగర్భంలో గడిపిన తొమ్మిది మాసాలకు ప్రతీకగా ఈ తొమ్మిది రాత్రులు. ఆ వాసం పూర్తిచేసినవారికి మరల గర్భవాసం ఉండదని విశ్వాసం. కార్తికం కావడం వలన తెలుగువారి సత్రాలలో ఎక్కడా చోటు దొరకలేదు. గోదౌలియా కూడలికి సమీపంలో, ఒక సందులోపల, లిఫ్టు లేని చిన్న హోటలులో మూడవ అంతస్తు గది లభించింది.

కౌంటరు వద్ద గుమాస్తా ఇద్దరి ఆధార్ కార్డులూ అడిగి నకళ్ళు తీసుకున్నాడు. రిజిస్టరులో ఆయన పేరు వ్రాసి, క్రింద ఆమె పేరు వ్రాసి, సంబంధం తెలిపే గడిలో హిందీలో ‘పత్నీ’ అని వ్రాశాడు. ఆ గుమాస్తాకు అది నిత్యం వ్రాసే మాట. కాని పాణిని వ్యాకరణం ఈ శబ్దాన్ని యజ్ఞసంయోగమనే అర్థంలో సాధించింది. పతితో కూడ యజ్ఞంలో అధికారం, ఫలంలో భాగం కలిగినది పత్ని. ఆయన సంస్కృతం చదువుకున్నవాడే. ఆ గడిలోని అక్షరాలను చూచి, సంచి ఎత్తుకొని మెట్లెక్కాడు. ఆమె మోకాళ్ళ నొప్పితో ప్రతి మలుపు వద్ద ఆగి, కటకటాలు పట్టుకొని పైకి వచ్చింది.

గది పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. మంచం దానిలో ముప్పాతిక భాగం ఆక్రమించింది. స్నానాలగది తలుపు పూర్తిగా తెరిస్తే మంచం కోడుకు తగిలేది. ఒక కుర్చీ, ఒక చిన్న బల్ల, ఒకే దీపం. కిటికీ తెరిస్తే ఎదుటి భవనపు గోడ. మణికర్ణికకు సాగే శవయాత్రల రామనామఘోష అహోరాత్రాలు సందులోనుండి వినవచ్చేది.

వారి స్వగృహం ఇందుకు పూర్తిగా భిన్నం. ముందు అరుగు, మండువా, పూజగది, పెరడు, పైన డాబామీద ఒక గది. ఉద్యోగవిరమణ అనంతరం ఆయన నివాసం ఆ పైగదికి మారింది. తెల్లవారుజామున జపం, పగలు ఉపనిషద్భాష్య పఠనం, సాయంకాలం పారాయణం. ఆమె లోకం వంటిల్లు, పెరడు, తులసికోట. రోజు మొత్తంలో వారి సంభాషణ నాలుగైదు వాక్యాలు. “భోజనానికి రండి.” “కరెంటు బిల్లు కట్టారా?” “అబ్బాయి ఫోను చేశాడు.” కలహం లేదు, కఠినవాక్యం లేదు. ఈ దూరాన్ని ఆయన వైరాగ్యమని భావించాడు. గృహంలో ఉంటూనే నివృత్తిమార్గంలో చాలదూరం వచ్చానన్న తృప్తి ఆయనకు ఉండేది.

ఆ తృప్తినుండి ఒక సంకల్పం పుట్టింది. కాశీలోని ఒక ఆశ్రమంలో నాలుగు మాసాలు ఏకాంతవాసం చేయాలి. మనసు కుదిరితే అక్కడే ఉండిపోవాలి. ఆమెను హైదరాబాదులోని కుమారుని వద్ద ఉంచాలి. శాస్త్రసమ్మతి కోసం ఆయన మనుస్మృతిని తలచుకున్నాడు. వానప్రస్థానికి పోయేవాడు భార్యను కుమారులకు అప్పగించి వెళ్ళవచ్చునని అందులో ఉన్నది. ఆశ్రమనిర్వాహకునికి ఉత్తరం కూడ వ్రాశాడు. భార్యకు మాత్రం చెప్పలేదు. ఈ తొమ్మిది రాత్రులలో ఏదో ఒకనాడు చెప్పవచ్చునని అనుకున్నాడు.

మొదటి రెండు రోజులు ఆయనకు దుర్భరంగా గడిచాయి. బ్రాహ్మీముహూర్తంలో దీపం వేస్తే ఆమె నిద్ర చెడుతుంది. వేయకపోతే ఆసనం కనబడదు. ఇంట్లో ఆయన మడిబట్టలకు వేరే దండెం. ఇక్కడ కిటికీ ఊచకూ తలుపు కొక్కానికీ కట్టిన ఒకే త్రాటిమీద ఆయన పంచె, ఆమె చీర ఆరవలసి వచ్చింది. ఆమె మోకాళ్ళకు రాసుకునే తైలపు వాసన జపానికి అడ్డమనిపించింది. ఈ గదిలో సాధన సాగదని ఆయన నిశ్చయించుకున్నాడు. ఏకాంతం కావాలన్న కోరిక మరింత బలపడింది.

ఇక్కడ సాధకులు ఒక విషయం గమనించాలి. ఆలయంలో మహామండపం విశాలం, ముఖమండపం దానికంటె చిన్నది, అంతరాలయం ఇంకా చిన్నది. అన్నింటికంటె చిన్నది గర్భగృహం. దానికి సాధారణంగా కిటికీ ఉండదు. ఒకే ద్వారం, ఒక దీపం. కాశీ విశ్వేశ్వరాలయాన్నే చూడండి. అహల్యాబాయి హోల్కర్ 1780లో నిర్మింపజేసిన ఆలయం అది. 2021 డిసెంబరులో గంగాతీరం నుండి ఆలయం వరకు ఆవరణ ఎంతో విశాలమైంది. స్వామి ఉన్న గది మాత్రం చిన్నదే. విశాలస్థలంలో దృష్టి చెదరుతుంది. ఇరుకుచోట ఎదుట ఉన్నదానిని చూడక తప్పదు. ఆ గృహస్థునికి ఆ పది అడుగుల గదిలో ఎదుట ఉన్నది ఆయన ధర్మపత్ని.

మూడవనాటి వేకువన ఆయన చూచినది ఒక మాత్రల పట్టీ. ఇంట్లో ఆమె మందులు వంటింటి గూటిలో ఉండేవి. ఇక్కడ ఉన్నది ఒకే బల్ల. ఒక ప్రక్క ఆయన పంచపాత్ర, ఉద్ధరిణి, విభూతి; మరొక ప్రక్క ఆమె మాత్రలు. నాలుగు గంటలకు ఆమె చీకటిలో చేతితో తడిమి ఒక మాత్ర తీసి, గుక్కెడు నీళ్ళతో వేసుకొని మరల పడుకున్నది.

“ఏమిటే అది?”

“థైరాయిడ్ మాత్రండీ. పరగడుపున వేసుకోవాలి.”

“ఎప్పటినుంచీ?”

“మీ రిటైర్మెంటుకు ముందునుంచే.”

వేకువన లేచిన వెంటనే ఆమె కాఫీ ఎందుకు త్రాగదో ఆయన ఏనాడూ ఆలోచించలేదు. ఆ ఉదయం కేదారఘట్టంలో స్నానం చేసి అర్ఘ్యం ఇస్తున్నప్పుడు కూడ ఆయనకు ఆ మాటే వినబడుతూ ఉంది. మరునాటినుండి జపానికి కూర్చోబోయే ముందు ఒక గ్లాసు నీళ్ళు ఆమె తలవైపు పెట్టసాగాడు. ఆమె ఏమీ అనలేదు. నీళ్ళు మాత్రం త్రాగేది.

అయిదవ రాత్రి ఆశ్రమనిర్వాహకుని నుండి ఫోను వచ్చింది. ఇంట్లోనైతే ఆయన డాబాపైకి వెళ్ళి మాట్లాడేవాడు. ఇక్కడ మంచం ఈ కొసన ఆయన, ఆ కొసన ఆరిన బట్టలు మడతపెడుతూ ఆమె. ఆయనకు కొంచెం చెవుడు. ఫోనులోని కంఠం గది అంతా వినిపించింది. మాఘమాసం నుండి గది ఖాళీ అవుతుందనీ, నాలుగు నెలలకు ఇవ్వగలమనీ చెప్పి, “ఒక్కరికే కదండీ?” అని ఆయన అడిగాడు.

“అవును, ఒక్కడికే,” అన్నాడు గృహస్థుడు.

ఆమె చేతిలోని పంచెను రెండు మడతలు వేసి సంచిలో పెట్టింది. దీపం ఆర్పారు. చాలసేపు ఇద్దరికీ నిద్ర రాలేదని ఇద్దరికీ తెలుసు. అంత దగ్గరగా పడుకున్నవారికి ఒకరి మెలకువ మరొకరికి దాగదు. చివరకు ఆమె మాట్లాడింది.

“ఏవండీ, రేపు ప్రయాగ కదా. జడ వెయ్యటం వచ్చా మీకు?”

తెలుగునాట నుండి త్రివేణీసంగమానికి వెళ్ళే సువాసినులు వేణీదానం చేస్తారు. దంపతులు సంకల్పం చెప్పుకున్న తరువాత, భార్య భర్త అనుమతి కోరుతుంది. భర్త స్వయంగా ఆమె కురులు దువ్వి, జడ అల్లి, పువ్వులు ముడిచి, కుంకుమ పెట్టి, జడ కొసను కొద్దిగా కత్తిరించి ఇస్తాడు. ఆమె దానిని సంగమంలో సమర్పిస్తుంది. భర్త ఒక్కడే చేయలేని కర్మ అది. భార్య ఒక్కతే చేయలేని కర్మ అది.

“పురోహితుడు చెబుతాడుగా,” అన్నాడు ఆయన.

“మంత్రం ఆయన చెబుతారు. జడ మీరే వెయ్యాలి.”

దీపం మరల వెలిగింది. ఆమె మంచం అంచున ఆయనకు వీపు త్రిప్పి కూర్చుని దువ్వెన అందించింది. మూడు పాయలు ఎట్లా తీయాలో, ఏ పాయ దేనిమీదుగా రావాలో చెప్పింది. మొదటిసారి జడ వదులై ఊడిపోయింది. రెండవసారి చిక్కుపడింది. వివాహమైన కొత్తలో ఆమె జడ మోకాళ్ళను తాకేదని ఆయనకు గుర్తు. ఇప్పుడు మూడు పాయలు కలిపినా పిడికిలి నిండలేదు. పాపిడికి ఇరువైపులా మాడు కనబడుతూ ఉంది. ఆ జుట్టు ఒక్కనాడు రాలినది కాదు. నాలుగేళ్ళుగా, ఆరేళ్ళుగా, ఆయన పైగదిలో ఉండగా క్రింద రాలుతూ వచ్చింది. మూడవసారి జడ నిలిచింది. ఆమె చేతితో వెనుకకు తడిమి చూచుకొని, “బాగానే ఉంది. పడుకోండి,” అన్నది.

రాత్రినిద్ర కాశీలోనే చేయాలన్న నియమం ఉన్నందున మరునాడు వేకువనే బయలుదేరారు. సుమారు 120 కిలోమీటర్ల దూరం. పడవలో సంగమానికి చేరారు. గంగాయమునలు కలిసేచోట నీటివర్ణం మారే రేఖ స్పష్టంగా కనబడింది. పురోహితుడు సంకల్పం చెప్పించాడు. ఆమె అనుమతి అడిగింది, ఆయన ఇచ్చాడు. ప్రక్క పడవలలోని భర్తలు తడబడుతూ ఉంటే పురోహితులు సాయపడుతున్నారు. ఈయన ఎవరి సాయమూ లేకుండ జడ అల్లాడు. కత్తిరించిన కొసను ఆమె దోసిట పెట్టినప్పుడు ఆయన చేతులు వణికాయి. అడగవలసిన ప్రతి అనుమతినీ ఆమె అడిగింది. తాను అడగవలసినది తన వద్దనే మిగిలి ఉన్నదని ఆయనకు తోచింది.

రాత్రికి గదికి చేరిన తరువాత ఆయన స్వయంగా ప్రస్తావించాడు. ఆశ్రమం సంగతి, ఉత్తరం సంగతి, మనుస్మృతి సంగతి అన్నీ చెప్పాడు. ఆమె అటుకులలో పెరుగు కలుపుతూ విన్నది.

“నాకు సంస్కృతం రాదండీ. కాని మీరు ఆ శ్లోకం అబ్బాయికి చెబుతుంటే విన్నాను. కొడుకుకు అప్పగించి అయినా వెళ్ళచ్చు, కలిసి అయినా వెళ్ళచ్చు అని కదా దాని అర్థం?”

ఆయన నిరుత్తరుడైనాడు. ఆ విధిలో రెండు పక్షాలున్నాయి. భార్యను పుత్రులయందు ఉంచి వెళ్ళడం ఒకటి, ఆమెతో కలిసి వెళ్ళడం మరొకటి. ఒకే శ్లోకంలోని మొదటి పక్షాన్ని పట్టుకొని రెండవదానిని ఆయన మరచాడు.

“నీ మోకాళ్ళతో ఇక్కడ ఉండగలవా?”

“మూడో అంతస్తు ఆరు రోజులుగా ఎక్కుతూనే ఉన్నాను కదా. కాశీ మీ ఒక్కరిదేనా? నాకు ఏం కావాలో మీరు ఎప్పుడైనా అడిగారా?”

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య మైత్రేయీ సంవాదం రెండు స్థలాలలో వస్తుంది. ఆ గృహస్థుడు దానిని భాష్యసహితంగా అనేకమార్లు చదివినవాడు. యాజ్ఞవల్క్యుడు ఈ ఆశ్రమం విడిచి వెళ్ళదలచాడు. మైత్రేయిని పిలిచి ఆ సంగతి చెప్పాడు. ఆమెకూ కాత్యాయనికీ ఆస్తి పంచి ఇస్తానన్నాడు. ధనంతో అమృతత్వం లభిస్తుందా అని మైత్రేయి అడిగింది. లభించదని ఆయన ఒప్పుకున్నాడు. ఆపైన ఆమె కోరినది అమృతత్వసాధనం. ఆయన ఆమెను దగ్గర కూర్చోబెట్టుకొని ఆత్మవిద్యను ఉపదేశించాడు. ఆ ఉపనిషత్తులో ప్రస్థానానికి ముందు సంభాషణ ఉన్నది. అడిగే అవకాశం భార్యకు ఉన్నది. ఆమె అడిగిన ప్రశ్ననుండే బ్రహ్మవిద్య ప్రసరించింది. భర్త చెప్పకుండ వెళ్ళిపోయి ఉంటే లోకానికి ఆ ఉపదేశం దక్కేది కాదు.

మిగిలిన రాత్రులు ఆ గదిలో వేరుగా గడిచాయి. గది పెరగలేదు. తైలపు వాసన, ఒకే దీపం, తలుపు తగిలే మంచం అట్లాగే ఉన్నాయి. ఆయన వేకువన దీపం వేయకుండ చీకటిలోనే మానసజపం చేశాడు. మానసానికి దీపం అక్కరలేదని శాస్త్రం తెలిసినవాడే. సాయంకాలాలలో మైత్రేయీబ్రాహ్మణం తెలుగులో ఆమెకు చెప్పాడు. ఆమె మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగింది. కాత్యాయని గురించి అడిగిన ప్రశ్నకు ఆయన వద్ద తృప్తికరమైన సమాధానం లేకపోయింది. ఏడవనాడు ఇద్దరూ కలిసి వెళ్ళి ఆశ్రమంలోని గదిని చూచారు. అది ఈ హోటలు గదికంటె చిన్నది. రెండు చాపలు పడతాయా అని ఆమె అడుగులతో కొలిచి చూచి, పడతాయన్నది. ఆశ్రమనిర్వాహకుడు పేరు వ్రాసుకున్నచోట మరొక పేరు చేర్చాడు.

వైరాగ్యానికీ నిర్లక్ష్యానికీ బాహ్యలక్షణం ఒక్కటే. రెండింటిలోనూ మాట తక్కువ, కోరిక తక్కువ, దూరం ఎక్కువ. విశాలమైన ఇంట్లో ఈ రెండూ కలిసిపోయి ఒకటిగా కనిపిస్తాయి. విషయాలపై తృష్ణ తొలగడం వైరాగ్యం; ప్రక్కనున్న ప్రాణిని చూడకపోవడం నిర్లక్ష్యం. పతంజలి మహర్షి ఉపేక్షను చెప్పినది అపుణ్యం విషయంలో. సుఖితులయందు మైత్రి, దుఃఖితులయందు కరుణ, పుణ్యవంతులయందు ముదిత ఆయన చెప్పిన భావనలు. 38 సంవత్సరాలు అన్నం వండిపెట్టిన ఇల్లాలు ఈ నాలుగింటిలో ఏ భావనకు పాత్రురాలో సాధకుడు తనకు తానే విచారించుకోవాలి.

ఏకాంతవాసాన్ని శాస్త్రం నిషేధించలేదు. సన్న్యాసాన్ని కూడ నిషేధించలేదు. దానిని పరమోత్కృష్టమైన ఆశ్రమంగా కీర్తించింది. అధికారం కలిగినవారు ఆ మార్గాన పోవలసినదే. కాని హోమంలో ప్రతి ఆహుతి వెంట ‘న మమ’ అని త్యాగం చెబుతున్నాము. ఆ త్యాగానికి విషయం హవిస్సు ఒక్కటే కాదు. నా జపం, నా గది, నా ఏకాంతం, నా మోక్షం అన్నవాటిలోని ‘నా’ కూడ ఆ అగ్నిలో పడవలసినదే. పంచుకోక తప్పని చిన్న గదిలో ఆ ‘నా’ రోజుకు పదిమార్లు బయటపడుతుంది. గిరిగుహలో ఒంటరిగా కూర్చున్నవానికి అది కనబడడం కష్టం.

యాత్రకు వెళ్ళే దంపతులు గది చిన్నదని విచారించనక్కరలేదు. ఔపాసనాగ్ని లేనివారికి కూడ సమారోపణం ఉన్నది. పాణిగ్రహణం నాడు పట్టిన చేయి వెంట ఉన్నది. ఏడవ అడుగుతో ఏర్పడిన సఖ్యం వెంట ఉన్నది. గమ్యం చేరి తలుపు వేసుకున్న తరువాత దానిని దింపుకోవడమే మిగిలిన విధి. అందుకు మంత్రం తెలియనివారు ఎదుట ఉన్నవారిని ఒక ప్రశ్న అడిగితే చాలు: నీకు ఏమి కావాలి అని. సమాధానం పూర్తయ్యేవరకు వినడం ఉపావరోహణం.

స్వస్తి.